ఆగడం తెలిసిన స్క్రిప్టు

సర్వర్ పనులకు స్క్రిప్టులు, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైళ్లు, ఎందుకు రాసుకోవాలి అని ఎవరిని అడిగినా ముందు టైమ్ గురించే చెబుతారు. పూట పట్టే డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ని సర్వర్లకు ఎక్కించడం) పది నిమిషాల్లో అయిపోతుంది, కొత్త సర్వర్ కావాలంటే ఒక కమాండ్ కొడితే చాలు, అర్ధరాత్రి లేచి కూర్చోవాల్సిన అవసరం తగ్గుతుంది. అన్నీ నిజాలే. నా ఉద్యోగమే ఇది, కాదంటే నా పొట్ట మీద నేనే కొట్టుకున్నట్టు. అయినా ఒక స్క్రిప్టు బాగుందో లేదో తేల్చడానికి అది ఎంత టైమ్ మిగిల్చిందో చూడటం తప్పు లెక్క అని నా గట్టి అభిప్రాయం. నేను ముందు చూసేది వేరు. అది ఎక్కడ, ఏ కారణంతో "ఇక ముందుకు వెళ్లను" అంటుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని స్క్రిప్టు ఎంత వేగంగా నడిస్తే అంత ప్రమాదం.

చేత్తో సర్వర్ సెటప్ చేసేవాళ్లను పక్కన కూర్చుని గమనించండి. కమాండ్ కొడతారు, ఎంటర్ నొక్కుతారు, రెండు క్షణాలు స్క్రీన్ చూస్తారు. ఆ రెండు క్షణాల్లో చాలా జరుగుతుంది. ఫోల్డర్‌లో ఉండాల్సిన ఫైళ్లు ఉన్నాయా, సర్వీస్ లేచిందా, ప్రాంప్ట్‌లో కనిపిస్తున్న సర్వర్ పేరు తాము అనుకున్నదేనా అని కళ్లు వెతుకుతాయి. ఏదైనా తేడాగా అనిపిస్తే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఇదే పనిని స్క్రిప్టుగా మార్చేటప్పుడు మనం హిస్టరీ, అంటే కొట్టిన కమాండ్ల జాబితా, తెరిచి వాటిని వరసగా కాపీ చేస్తాం. కమాండ్లకు మధ్య ఉన్న ఆ చూపు హిస్టరీలో ఉండదు కదా. అది రాలిపోతుంది. మిగిలేది గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయే ఒక ఫైలు.

ఆటోమేషన్ ఎంత అవసరమో చెప్పడానికి చాలామంది వాడే కథ నైట్ క్యాపిటల్ది. అమెరికా షేర్ మార్కెట్లో భారీగా ట్రేడింగ్ చేసే ఈ సంస్థ 2012 జులై చివర్లో, ఆర్డర్లు పంపే తన సిస్టమ్‌కి కొత్త కోడ్ ఎక్కించింది. మొత్తం ఎనిమిది సర్వర్లు. ఎక్కించిన టెక్నీషియన్ ఏడింటికి కాపీ చేసి ఒకదాన్ని వదిలేశారు. రెండో మనిషి సరిచూడలేదు, చూడాలన్న రాతపూర్వక నియమమూ లేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరుచుకుంది. కొత్త కోడ్‌ని ఆన్ చేయడానికి పెట్టిన గుర్తు, అంటే ఫ్లాగ్, ఒకప్పుడు పవర్ పెగ్ అనే పాత ఫంక్షన్‌ది. 2003లోనే వాడకం మానేసినా దాని కోడ్‌ని ఎవరూ తీసెయ్యలేదు. ఎనిమిదో సర్వర్‌లో ఆ ఫ్లాగ్ పాత కోడ్‌నే లేపింది. దాదాపు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే.

దీన్నుంచి అందరూ తీసే నీతి ఏంటంటే, చేత్తో చేస్తే ఇంతే, స్క్రిప్టు ఉండుంటే ఎనిమిదికీ ఎక్కేది అని. ఎక్కేదా? సర్వర్ల పేర్లు ఒక జాబితాలో పెట్టి, ఒక్కొక్కదానికీ ఫైళ్లు కాపీ చేసి, చివర్లో "డిప్లాయ్ పూర్తయింది" అని ప్రింట్ చేసే మామూలు లూప్‌ని ఊహించండి. నేను చూసిన డిప్లాయ్ స్క్రిప్టుల్లో సగానికి సగం ఇవే. ఎనిమిదో సర్వర్‌కి కనెక్షన్ తగలకపోతే ఆ ఎర్రర్ వందల లైన్ల మధ్య ఎక్కడో పడి ఉంటుంది, కింద మాత్రం పూర్తయిందనే కనబడుతుంది. ఫలితం అదే, కాకపోతే ఇంకాస్త త్వరగా. అక్కడ లోటు స్క్రిప్టుది కాదు. "ఎనిమిదిలోనూ ఒకే వెర్షన్ ఉందా, లేకపోతే ట్రేడింగ్ మొదలుపెట్టకు" అనే ఒక్క గేటు లేదు, అదీ లోటు.

ఆ కథలో నన్ను ఎక్కువ వెంటాడేవి ఇంకో రెండు వివరాలు. మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ పవర్ పెగ్ పేరు ఎత్తుతూ సిబ్బందికి 97 ఈమెయిళ్లు పంపింది. సిస్టమ్‌కి తేడా తెలిసింది, ఎవరో చూస్తారులే అని ఉత్తరాలు రాసి తన దారిన తాను పోయింది. రెండోది ఇంకా దారుణం. గొడవ మొదలయ్యాక, కొత్త కోడ్ వల్లే ఇదంతా అనుకుని, సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. అప్పటిదాకా ఒక్క సర్వర్ చేస్తున్న పనిని మిగతావీ అందుకున్నాయి. వెనక్కి తిప్పడం కూడా డిప్లాయ్‌మెంటే, దానికీ అవే తనిఖీలు కావాలి. రోల్‌బ్యాక్ బటన్ ఉంది కదా అని ధీమాగా ఉండే టీములు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలి.

ఇక బ్యాష్ సంగతి, అంటే లైనక్స్‌లో ఈ స్క్రిప్టులు రాసే భాష. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది మొదలుపెట్టేది అక్కడే, మానెయ్యమని ఎంతమంది చెప్పినా చివరికి తేలేదీ అక్కడే. బ్యాష్‌కి పుట్టుకతో ఉన్న అలవాటు, ఒక లైను ఫెయిలైనా పట్టించుకోకుండా తర్వాతి లైనుకి పోవడం. మొదటి లైను "పాత రిలీజ్ ఫోల్డర్‌లోకి వెళ్లు", రెండోది "ఇక్కడున్నదంతా తుడిచెయ్" అనుకోండి. ఆ ఫోల్డర్ లేకపోతే మొదటి లైను ఎర్రర్ ఇస్తుంది. రెండోది మాత్రం ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే తుడిచేస్తుంది. అందుకే పైన సెట్ మైనస్ ఈ, మైనస్ యూ, పైప్‌ఫెయిల్ రాయమంటారు. ఏదైనా కమాండ్ ఫెయిలైతే ఆగమని మొదటిది, విలువే ఇవ్వని వేరియబుల్ వాడితే ఆగమని రెండోది, ఒక కమాండ్ ఫలితాన్ని తర్వాతిదానికి అందించే పైపుల వరసలో మధ్యలో ఏది పడిపోయినా మొత్తాన్ని ఫెయిల్ కిందే లెక్కకట్టమని మూడోది.

ఈ మూడూ రాసేసి నిశ్చింతగా ఉండేవాళ్లే ఎక్కువ. వీటికి చిల్లులున్నాయి. ఒక ఫంక్షన్‌ని ఇఫ్ షరతులో పెట్టి పిలిచారంటే ఆ ఫంక్షన్ లోపలంతా మైనస్ ఈ పనిచేయదు. మధ్యలో ఏది ఫెయిలైనా చివరి లైను దాకా పోతుంది. అలాగే ఫంక్షన్ లోపలే చెల్లే వేరియబుల్ కోసం లోకల్ అని రాసి, అదే లైనులో ఒక కమాండ్ ఫలితాన్ని వేరియబుల్‌లోకి తీసుకుంటే, ఆ కమాండ్ ఫెయిలైన సంగతి బయటికి రాదు. లోకల్ కూడా ఒక కమాండే, అది సక్సెస్ అయింది, బ్యాష్‌కి కనబడేది అదే. లోకల్ ఒక లైనులో, విలువ ఇవ్వడం ఇంకో లైనులో రాస్తే ఈ బాధ లేదు. ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం కష్టం, నేనైతే గుర్తుపెట్టుకోను. షెల్‌చెక్ అనే టూల్‌కి అప్పజెప్పేస్తాను. లోకల్ లైను లాంటివి అది పట్టేస్తుంది, దాన్ని దాటని స్క్రిప్టు మా అసలు కోడ్ ఉండే మెయిన్ బ్రాంచ్‌లోకి రాదు.

2015 జనవరిలో బయటపడిన స్టీమ్ బగ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. లైనక్స్‌లో ఆ గేమ్ క్లయింట్‌తో వచ్చే షెల్ స్క్రిప్టులో, ఇన్‌స్టాల్ ఫోల్డర్ చిరునామా ఉండాల్సిన వేరియబుల్ కొన్ని పరిస్థితుల్లో ఖాళీగా వచ్చేది. దాని వెనకాలే స్లాష్, స్టార్. వెరసి అన్నీ తుడిచేసే ఆర్‌ఎమ్ మైనస్ ఆర్‌ఎఫ్ కమాండ్, ఫోల్డర్లన్నిటికీ పైనుండే రూట్ నుంచి మొదలైంది. రిపోర్ట్ చేసిన యూజర్ ఫైళ్లన్నీ పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డ్రైవ్‌తో సహా. విచిత్రం ఏంటంటే ఆ లైను దగ్గర "స్కేరీ" అని ఒక కామెంట్ ఉంది. రాసినవాళ్లకు భయం వేసింది, భయమేసిందని కామెంట్ పెట్టారు, ఆగే ఏర్పాటు మాత్రం పెట్టలేదు. కోడ్ రివ్యూలో "జాగ్రత్త", "ప్రొడక్షన్‌లో నడపొద్దు" లాంటి కామెంట్లు ఎక్కడ కనిపించినా నేను అదే అడుగుతాను. ఈ మాట మనుషులకు చెబుతున్నారు సరే, స్క్రిప్టుకి ఎందుకు చెప్పలేదు?

పైగా ఈ కేసులో మైనస్ యూ కూడా కాపాడదు. వేరియబుల్ లేకపోవడం వేరు, ఉండి ఖాళీగా ఉండటం వేరు. ఇక్కడ జరిగింది రెండోది. కాపాడేది, బ్రేసుల్లో వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం పెట్టడం. లేకపోయినా, ఖాళీ అయినా, ఆ స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. రెండే రెండు గుర్తుల పని.

ఆగడంలో ఇంకో రకం ఉంది. పని ముందే అయిపోయిందని గుర్తుపట్టి ఊరుకోవడం. కాన్ఫిగ్ ఫైలు చివర ఒక లైను అతికించే స్క్రిప్టు రెండోసారి నడిపితే రెండోసారి అతికిస్తుంది. "ఆ లైను ఉందా" అని ముందు చూసుకునేది ఎన్నిసార్లు నడిపినా ఒకటే. 1993లో ఓస్లో యూనివర్సిటీలో మార్క్ బర్జెస్ మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజిన్ అనే సర్వర్ సెటప్ టూల్‌లో ఉన్న అసలు ఆలోచన ఇదే: మెషీన్‌కి చేయాల్సిన పనుల పట్టిక ఇవ్వకు, చివరికి ఎలా ఉండాలో చెప్పు, తేడా ఉంటేనే అది కదులుతుంది. తర్వాత వచ్చిన పప్పెట్, షెఫ్, ఆన్సిబుల్ కూడా ఈ దారిలోవే. దీన్ని అందరూ శుభ్రత కోసమన్నట్టు చెబుతారు కానీ అసలు లాభం వేరే చోట ఉంది. మళ్లీ మొదటి నుంచి నడపడానికి భయం లేని స్క్రిప్టే మధ్యలో ధైర్యంగా ఆగగలదు. సగంలో ఆగితే చేత్తో శుభ్రం చేసుకోవాలి అన్న భయం ఉన్నచోట, ఎర్రర్‌ని మింగేసి ముందుకు పోయేలా రాయాలనే అనిపిస్తుంది. కమాండ్ చివర రెండు నిలువు గీతలు, ట్రూ, అంటే ఫెయిలైనా అయినట్టే లెక్క. ఈ చిన్న తోకని ఎన్ని స్క్రిప్టుల్లో చూశానో.

క్లౌడ్‌కి వచ్చేసరికి ఆగకపోతే పడే ఖరీదు ఇంకా పెరుగుతుంది. ఒకప్పుడు సర్వర్‌ని నాశనం చేయాలంటే దాని దగ్గరికి వెళ్లాలి, కనీసం లాగిన్ అవ్వాలి. ఇప్పుడు ఒక ఏపీఐ కాల్, అంటే ప్రోగ్రామ్ నుంచి పంపే ఒక అభ్యర్థన, చాలు. 2014లో వచ్చిన టెర్రాఫామ్ అనే టూల్ నాకు నచ్చడానికి కారణం అది సర్వర్లు, డేటాబేస్‌ల లాంటి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ని కోడ్‌గా రాయనివ్వడం ఒక్కటే కాదు. అది చేసే ముందు, ఏం చేయబోతోందో చెప్పి ఆగుతుంది. ఆ ప్లాన్‌ని చదవడం ఒక విద్య.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సెక్యూరిటీ ఆడిట్‌లో డేటాబేస్ స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి లేదని తేలింది. సరిచేయడం సులువే కదా అని ఎవరో అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్ కోసం టెర్రాఫామ్‌లో రాసిన బ్లాకులో ఒక సెట్టింగ్‌ని ఫాల్స్ నుంచి ట్రూకి మార్చారు. కోడ్ మార్పులు దాచే గిట్‌లో చూస్తే ఒకే లైను తేడా, ఎవరైనా అప్రూవ్ చేస్తారు. ప్లాన్ తీస్తే కథ మారిపోతుంది. ఆ రిసోర్స్ పక్కన ప్లస్, మైనస్ కలిపిన గుర్తు కనిపిస్తుంది, సెట్టింగ్ పక్కన "ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్" అని ఉంటుంది, అడుగున ఒకటి కొత్తగా చేరుతుంది, ఒకటి నాశనమవుతుంది అని లెక్క ఉంటుంది. అంటే ఉన్న డేటాబేస్‌ని కొట్టేసి కొత్తది, ఖాళీది, ఎన్‌క్రిప్ట్ అయినది పెడతానంటోంది. నడుస్తున్న ఆర్‌డీఎస్ డేటాబేస్‌ని ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేయడం కుదరదు. స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి కాపీ చేసి, దాన్నుంచి కొత్త డేటాబేస్ లేపుకోవాలి. కోడ్ రివ్యూకి ఇదంతా కనబడదు. ప్లాన్‌కి కనబడుతుంది, చదివేవాళ్లుంటే.

చదివేవాళ్లుంటే అని ఎందుకన్నానంటే, మార్పుల్ని దానంతట అదే ఎక్కించే పైప్‌లైన్‌లో ఆటో అప్రూవ్ పెట్టి, ప్లాన్‌ని లాగ్ ఫైలుకి పరిమితం చేసే టీములు చాలా ఉన్నాయి. టూల్ ఆగి అడుగుతోంది, మనమే దాని నోరు నొక్కుతున్నాం. ప్రతి మార్పుకీ మనిషి కూర్చోలేడు, నిజమే. దానికి మార్గం ప్లాన్‌ని జేసన్‌గా (ప్రోగ్రాములు చదవగలిగే రూపంలో) తీసి, అందులో డిలీట్ అనే చర్య ఏ రిసోర్స్ మీదైనా ఉందా అని ఒక చిన్న స్క్రిప్టుతో చూడటం. లేకపోతే దానంతట అది పోనివ్వండి. ఉంటే ఆపి మనిషిని పిలవండి. ఇంకోటి, ప్లాన్‌ని ఫైలుగా దాచి అదే ఫైలుని అప్లై చేయడం. ఈలోగా స్టేట్, అంటే టెర్రాఫామ్ దగ్గరున్న ప్రస్తుత పరిస్థితి లెక్క, మారితే, ఈ ప్లాన్ పాతబడింది అని టెర్రాఫామ్ తనంతట తనే నిరాకరిస్తుంది. మనం చదివి ఒప్పుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి అయ్యే అవకాశం అక్కడితో పోతుంది.

ప్రివెంట్ డిస్ట్రాయ్ అనే సెట్టింగ్ పెట్టాం కదా అంటారు కొందరు. మంచిదే, కానీ ఆ సెట్టింగ్ రిసోర్స్ బ్లాకు లోపల ఉంటుంది. ఎవరైనా ఆ బ్లాకునే ఫైల్లోంచి తీసేస్తే సెట్టింగూ దానితోపాటే పోతుంది, ఇక అడ్డుకునేదేం లేదు. అందుకే డేటా ఉన్నవాటికి క్లౌడ్ వైపే డిలీషన్ ప్రొటెక్షన్ ఆన్ చేసి ఉంచాలి. కాపలా, దొంగ ఒకే ఫైల్లో ఉండకూడదు.

ఒక్క కమాండ్ ఎంతవరకు పోగలదు అన్నది ఇంకో సంగతి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఫైల్ స్టోరేజ్ సర్వీస్ ఎస్3 వర్జీనియా రీజియన్‌లో నాలుగు గంటలకు పైగా పడిపోయింది, దానిమీద ఆధారపడ్డ సైట్లు ఎన్నో వరసగా కూలాయి. బిల్లింగ్‌కి సంబంధించిన సమస్య చూస్తూ, అనుమతి ఉన్న ఉద్యోగే, ముందే రాసి ఉన్న పద్ధతి (ప్లేబుక్) ప్రకారమే, కొన్ని సర్వర్లు తీసే కమాండ్ ఇచ్చారు. ఒక ఇన్‌పుట్ తప్పు పడింది, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఇక్కడ చేత్తో చేయడం అనే వంక కుదరదు. టూల్ ఉంది, ప్లేబుక్ ఉంది, అంతా పద్ధతిగానే ఉంది. తర్వాత అమెజాన్ చేసిన మార్పు ఏంటో చూడండి: సర్వర్లను ఇకమీదట నెమ్మదిగా తీసేలా, ఏ సబ్‌సిస్టమ్ అయినా కనీస సామర్థ్యం కంటే కిందికి పోయేటట్టుంటే అసలు తీయకుండా ఉండేలా టూల్‌ని మార్చారు. ప్రపంచంలోకెల్లా పెద్ద క్లౌడ్ కంపెనీ ఆటోమేషన్‌ని మెరుగుపరచాలనుకుని, ముందు దాని వేగాన్నే తగ్గించింది.

మన స్థాయిలో కూడా ఇది సాధ్యమే, పెద్ద ఖర్చేం లేదు. ఆన్సిబుల్‌లో ఒక టాస్క్ ఒక హోస్ట్ (సర్వర్) మీద ఫెయిలైతే, మామూలుగా ఆ హోస్ట్‌ని పక్కన పెట్టి మిగతావాటితో ముందుకు పోతుంది. సగం కొత్తది, సగం పాతది. అందుకే సీరియల్ అని పెట్టి ముందు ఒక సర్వర్, తర్వాత కొన్ని, ఆ తర్వాత మిగతావి అని విడగొట్టాలి, ఏది ఫెయిలైనా మొత్తం ఆగేలా రాయాలి. యాప్‌లను చాలా మెషీన్ల మీద నడిపే కుబర్నెటీస్‌లో ఈ బుద్ధి కొంత పుట్టుకతోనే ఉంది. రెడీనెస్ ప్రోబ్ (పనికి సిద్ధమా అనే తనిఖీ) దాటని కొత్త పాడ్‌లకు (యాప్ కాపీలకు) ట్రాఫిక్ ఇవ్వదు, పాతవాటిలో ఎక్కువ భాగాన్ని కదపకుండా అక్కడే నిలబడిపోతుంది. కాకపోతే ఆ ప్రోబ్‌లో "పోర్ట్ తెరిచి ఉందా" అని మాత్రమే అడిగితే, డేటాబేస్ తగలని యాప్ కూడా రెడీ అనే అంటుంది. ప్రోబ్ రాయడం పది నిమిషాల పని అనుకునేవాళ్లతో నాకు పడదు.

ఆగినా నోరు మెదపకుండా ఆగితే అది ఇంకో జబ్బు. 2017 జనవరి 31న కోడ్ దాచే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్, రెప్లికా (నకలు) డేటాబేస్ అనుకుని ప్రధాన డేటాబేస్ మీద డిలీట్ కొట్టారు. తప్పు గమనించి వెంటనే ఆపారు కానీ అప్పటికే 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉంటుందిగా అని చూస్తే బ్యాకప్ ఉండాల్సిన చోటు ఖాళీ. బ్యాకప్ తీసే స్క్రిప్టు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 9.2 వెర్షన్ టూల్‌ని వాడుతోంది, డేటాబేస్ 9.6. వెర్షన్ కుదరక అది ప్రతిసారీ ఎర్రర్ ఇచ్చి ఆగుతోంది, అంటే నేను మెచ్చుకునే పనే చేస్తోంది. ఆ ఎర్రర్ ఈమెయిళ్లేమో మెయిల్ సెక్యూరిటీ నియమాల దగ్గర తిరస్కారమై ఎవరికీ చేరలేదు. చివరికి అదే ఇంజనీర్ దాదాపు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ ఆదుకుంది. దీన్నుంచి నేను పాటించేది ఒకటే. ఫెయిలైతే మెయిల్ పంపమని స్క్రిప్టుకి చెప్పను. పని పూర్తయినప్పుడు ఒక చోట గుర్తు పెట్టమంటాను, ఆ గుర్తు టైమ్‌కి రాకపోతే వేరే మెషీన్ గోల చేస్తుంది. పడిపోయినవాణ్ణి "పడిపోయాను" అని ఫోన్ చేయమంటే ఎలా?

ఇంతవరకూ ఆగడమే గొప్ప అన్నట్టు రాశాను. అవతలి వైపు కూడా చూడాలి, ఎందుకంటే అది బలమైన వాదన. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఇంటర్నెట్ నుంచి మాయమైంది. తమ డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ సామర్థ్యాన్ని చూడ్డానికి ఇచ్చిన ఒక కమాండ్ ఆ కనెక్షన్లన్నిటినీ తెంచేసింది. అలాంటి కమాండ్లను ఆపడానికి ఆడిట్ టూల్ ఒకటుంది, దానిలోనే బగ్ ఉండి ఆపలేదు. ఇక్కడివరకు నా వాదనకి ఇబ్బంది లేదు, గేటుని కూడా టెస్ట్ చేయాలి అంతే. ఇబ్బంది తర్వాత జరిగినదాంతో. సైట్ పేరుకి చిరునామా చెప్పే వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు డేటా సెంటర్లతో మాట్లాడలేకపోతే, తమ ఆరోగ్యం బాగాలేదని భావించి తమ చిరునామాల ప్రకటనను వెనక్కి తీసుకునేలా రాసి ఉన్నాయి. చాలా బుద్ధిగల ఏర్పాటు, ఒక చోట తేడా వస్తే అది తప్పుకుని మిగతావి పని చేస్తాయి. ఆ రోజు తేడా అన్నిచోట్లా ఒకేసారి వచ్చింది, అన్నీ ఒకేసారి బుద్ధిగా తప్పుకున్నాయి. సర్వర్లు బతికే ఉన్నాయి, వాటి దారి చెప్పేవాళ్లు లేరు.

కాబట్టి "అనుమానం వస్తే ఆగు" అని గుడ్డిగా రాసుకుంటే సరిపోదు. డిప్లాయ్ ఆగితే పాత వెర్షన్ నడుస్తూనే ఉంటుంది, అక్కడ ఆగడం చవక. సైట్ భద్రతకి కావాల్సిన సర్టిఫికెట్ రెన్యూ చేసే స్క్రిప్టు ఆగితే కొన్నాళ్లకు సైట్ మూతపడుతుంది, అక్కడ ఆగడంతోపాటు గోల ముఖ్యం. ట్రాఫిక్ మోసేవి తమను తాము తప్పించుకునే చోట, "నాలాంటివాళ్లు ఎంతమంది ఇప్పటికే తప్పుకున్నారు" అని కూడా అడగాలి, సగం మంది పోయాక ఇంకెవరూ పోకూడదు. ఏ పని ఆగితే ఏమవుతుంది అన్నది పనిని బట్టి ఆలోచించి రాయాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

నిరాకరణలు పాడైపోయే తీరు ఒకటుంది, దాని గురించి పెద్దగా ఎవరూ రాయరు. ప్రతి గేటుకీ కొన్నాళ్లకు ఫోర్స్ అనే ఆప్షన్ పుడుతుంది. మొదట ఎమర్జెన్సీకి అని పెడతారు. గేటు ఒకటి రెండుసార్లు అర్థంలేని కారణంతో ఆపుతుంది, తొందరలో ఉన్నవాళ్లు ఫోర్స్ కొడతారు, పని అవుతుంది. తర్వాత ఎవరో దాన్ని రన్‌బుక్‌లో, అంటే పని సూచనల పత్రంలో, రాస్తారు. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఫోర్స్ లేకుండా ఆ కమాండ్ ఉంటుందని కూడా తెలియదు. దీనికి తప్పు ఫోర్స్ కొట్టినవాళ్లది కాదు, గేటు రాసినవాళ్లది. "ముందస్తు తనిఖీ ఫెయిల్" అని మాత్రమే చెప్పి ఆగితే ఎవరైనా దాటేస్తారు. "ఈ సర్వర్ డిస్క్‌లో 2 జీబీ ఉంది, కొత్త రిలీజ్‌కి 5 కావాలి, పాత రిలీజులు ఫలానా ఫోల్డర్‌లో ఉన్నాయి" అని చెబితే పోయి శుభ్రం చేసుకుని వస్తారు. "నిజంగానా? వై నొక్కండి" కూడా ఈ కోవలోదే, వేలు అలవాటుగా నొక్కేస్తుంది. రిపాజిటరీని డిలీట్ చేయాలంటే దాని పేరు టైప్ చేయమని గిట్‌హబ్ అడగడం నాకు అందుకే ఇష్టం. పేరు టైప్ చేసే టైమ్‌లోనే, ఇది నేననుకున్నదేనా అన్న ఆ పాత చూపు తిరిగొస్తుంది.

స్క్రిప్టు ఆగి మనిషిని పిలిచాక ఆ మనిషికి పని తెలిసి ఉండాలి. 1983లోనే లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్, ఫ్యాక్టరీలు, విమానాల ఆటోమేషన్ గురించి రాస్తూ ఈ మెలికని పట్టుకున్నారు. సులువైన పనులు మెషీన్‌కి పోతాయి, కష్టమైనవి మాత్రం మనిషికి మిగులుతాయి, రోజూ చేసే అలవాటు పోవడంతో ఆ మనిషి చెయ్యి మొద్దుబారుతుంది. ఎస్3 సంగతిలోనూ ఇదుంది. పెద్ద రీజియన్లలో ఆ సబ్‌సిస్టమ్‌లను పూర్తిగా రీస్టార్ట్ చేసి ఏళ్లయింది, అందుకే లేవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సేపు పట్టింది. మా టీమ్‌లో డిప్లాయ్ స్క్రిప్టు చేసే పనిని అప్పుడప్పుడూ టెస్ట్ సర్వర్ మీద చేత్తో చేయిస్తాం. టైమ్ వేస్ట్ అని గొణుక్కునేవాళ్లు ఉన్నారు. గొణుక్కోనివ్వండి.

ఆగడానికీ, సాగడానికీ రెండిటికీ భయపడాల్సిన చోటు డేటాబేస్ మైగ్రేషన్, అంటే టేబుళ్ల నిర్మాణాన్ని మార్చడం. టేబుల్లో కాలమ్ పేరు మార్చే స్క్రిప్టు పూర్తయ్యేసరికి పాత కోడ్ విరుగుతుంది, కొత్త కోడ్ ఇంకా ఎక్కలేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఇలాంటి మార్పుల్లో చాలావాటిని ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ, లేకపోతే ఏదీ కాదు అనే కట్టలో) పెట్టి, తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో, టేబుల్‌ని మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్ దగ్గర కమిట్ (మార్పు ఖాయం కావడం) దానంతట అదే జరిగిపోతుంది, మూడు మార్పుల్లో రెండు అయ్యాక ఆగితే ఆ రెండూ అయిపోయినట్టే. అందుకని మేం ఎక్కడైనా ఆగగలిగేలా ముక్కలు చేస్తాం. ఒక రిలీజ్‌లో కొత్త కాలమ్ చేరుతుంది, పాతదాన్ని ముట్టుకోం. తర్వాతి రిలీజ్‌లో కోడ్ రెండిట్లోనూ రాస్తుంది, పాత డేటాని కొంచెం కొంచెంగా కొత్తదాంట్లోకి నింపుతాం. ఆ తర్వాత చదవడం కొత్తదాన్నుంచి. పాత కాలమ్‌ని తీసేసే స్క్రిప్టు పైప్‌లైన్‌లో ఉండదు, విడిగా ఉంటుంది, టేబుల్ పేరు టైప్ చేసి మనిషే నడపాలి. దాన్ని ఎవరూ ఆత్రంగా నడపరు, కాబట్టి కొన్ని టేబుళ్లలో పాత కాలమ్‌లు ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయి. అవి తినే డిస్క్ పెద్ద లెక్కలోది కాదు.